కరుగుతున్న ధ్రువపు మంచు – మనకేమిటి సంబంధం?



ఈ వారం పాఠాన్ని నా తప్పు ఒకటి ఒప్పుకొని ప్రారంభించవలసి ఉంది. కొంతకాలం క్రితం ఒక ఆదివారం పూజలో ప్రసంగిస్తూ, "ఉత్తర ధ్రువంలో నీటిమీద తేలే మంచు కరిగిపోతోంది, అందువల్లనే సముద్రాలు పొంగి ఊళ్ళను ముంచుతున్నాయి" అని కాస్త గట్టిగానే చెప్పాను. పూజ ముగిసి గుడి బయటకు వచ్చేసరికి తొమ్మిదవ తరగతి చదువుతున్న ఒక అమ్మాయి తల్లి పక్కన నిలబడి ఉంది. "ఫాదర్‌గారూ, ఒక సందేహం అండీ. గ్లాసులో మంచుముక్కలు వేసి అంచుదాకా నీళ్ళు పోస్తే, ముక్కలు కరిగాక నీళ్ళు పొర్లవు కదండీ! మరి తేలే మంచు కరిగితే సముద్రం ఎలా పొంగుతుంది?" అని అడిగింది. "ఫాదర్‌గారితో అలాగేనా మాట్లాడేది!" అని తల్లి కసిరింది. నాకు మాత్రం జవాబు తోచలేదు. "వచ్చేవారం చెబుతానమ్మా" అని తప్పించుకున్నాను.

ఆ రాత్రి భోజనం అయ్యాక వంటగదిలో ఒక గ్లాసులో మంచుముక్కలు వేసి, అంచుదాకా నీళ్ళు పోసి, కూర్చుని చూశాను. గ్లాసు బయట చెమర్చిన నీటిని మధ్యమధ్య తుడుస్తూ వచ్చాను. మంచు అంతా కరిగిపోయింది. అంచు దాటి ఒక్క చుక్క కూడా పొర్లలేదు. ఆ అమ్మాయి చెప్పిందే నిజం.

మరుసటి ఆదివారం ఆ మాట అందరి ముందు చెప్పాను. అప్పుడు ఒక పెద్దాయన నవ్వుతూ, "ఇంకేం ఫాదర్‌గారూ, ఆ మంచు కరిగినా మనకేం భయం లేదన్నమాట!" అన్నారు. అక్కడ నాకు నిజంగా దిగులు కలిగింది. నా మొదటి తప్పు కంటే ఈ రెండవ తప్పు పెద్దది. సగం తెలిసి భయపడటం ఒక పొరపాటైతే, సగం తెలిసి ధైర్యంగా ఉండటం అంతకంటే ప్రమాదకరమైన పొరపాటు. అందుచేత ఈ విషయాన్ని మొదటి నుండి, ఒక్కొక్క మెట్టుగా నేర్చుకుందాం.

రెండు ధ్రువాలు ఒకటి కావు

మనం "ధ్రువాలు" అని ఒకే మాటతో చెప్పుకుంటాం గాని, రెంటికీ పెద్ద తేడా ఉంది. ఉత్తర ధ్రువం దగ్గర నేల లేదు. అక్కడ ఉన్నది ఆర్కిటిక్ మహాసముద్రం, దాని చుట్టూ ఖండాలు. ఆ సముద్రపు నీరే చలికి గడ్డకట్టి, కొద్ది మీటర్ల మందాన పలకలా తేలుతూ ఉంటుంది. దక్షిణ ధ్రువం దగ్గర సంగతి ఇందుకు విరుద్ధం. అక్కడ ఉన్నది అంటార్కిటికా ఖండం, దాని చుట్టూ సముద్రం. ఆ ఖండం మీద సుమారు 1 కోటి 40 లక్షల చ.కి.మీ. మేర, సగటున 2 కిలోమీటర్ల మందాన మంచు పేరుకొని ఉంది. ఉత్తరాన గ్రీన్‌లాండ్ అనే పెద్ద ద్వీపం మీద కూడా ఇటువంటిదే మరొక మంచు దుప్పటి సుమారు 17 లక్షల చ.కి.మీ. మేర ఉంది. కొన్నిచోట్ల దాని మందం 3 కిలోమీటర్లు దాటుతుంది.

కనుక మంచు రెండు రకాలు: నీటిమీద తేలే మంచు, నేలమీద నిలిచిన మంచు. తేలే మంచు తన బరువుకు సరిపడా నీటిని ముందే పక్కకు నెట్టి ఉంటుంది. కరిగినప్పుడు అది సరిగ్గా ఆ ఖాళీనే నింపుతుంది. ఉప్పునీటి వలన కలిగే అతి స్వల్పమైన తేడాను పక్కన పెడితే, దానివలన సముద్ర మట్టం పెరగదు. నేలమీది మంచు అలా కాదు. అది కరిగి సముద్రంలోకి వస్తే, అంతకుముందు సముద్రంలో లేని నీరు కొత్తగా వచ్చి చేరినట్లే.

దీన్ని కూడా ఇంట్లో చేసి చూడవచ్చు. గ్లాసులో అంచుదాకా నీళ్ళు పోసి, పైన టీ వడపోసే జల్లెడ పెట్టి, అందులో మంచుముక్కలు వేయండి. అవి కరిగి చుక్కచుక్కగా పడుతుంటే గ్లాసు పొర్లుతుంది. మొదటి గ్లాసు ఆర్కిటిక్ సముద్రం. రెండవ గ్లాసు గ్రీన్‌లాండ్, అంటార్కిటికా.

తేలే మంచు చేసే పని

అయితే తేలే మంచు కరిగితే నష్టమే లేదా? ఉంది. అది మరొక మార్గాన వస్తుంది.

ఎండాకాలంలో తెల్లచొక్కా వేసుకున్నవారికీ నల్లచొక్కా వేసుకున్నవారికీ తేడా తెలుసు. సున్నం వేసిన డాబాకూ, వేయని డాబాకూ తేడా తెలుసు. తాజా మంచు కప్పిన సముద్రం తనమీద పడే ఎండలో నూటికి 80 వంతులు, అంతకంటే ఎక్కువ కూడా తిరిగి ఆకాశానికి పంపివేస్తుంది. మంచు తొలగితే కనిపించే నల్లని నీరు, పడిన ఎండలో 90 వంతులకు పైగా పీల్చుకుంటుంది. నీరు వేడెక్కుతుంది, ఆ వేడికి పక్కనున్న మంచు కరుగుతుంది, మరికొంత నల్లని నీరు బయటపడుతుంది. అప్పు మీద వడ్డీ, వడ్డీ మీద వడ్డీ పెరిగినట్లు, ఒక నష్టం మరొక నష్టాన్ని పెంచుకుంటూ పోతుంది. 1979 నుండి లెక్క చూస్తే, ఆర్కిటిక్ ప్రాంతం భూమి సగటు కంటే సుమారు నాలుగు రెట్ల వేగంతో వేడెక్కిందని 2022లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. దీనికిగల ముఖ్య కారణాలలో ఇది ఒకటి.

ఉపగ్రహాల ద్వారా ఈ మంచును ఎడతెగకుండా కొలవడం మొదలైంది 1979 ప్రాంతంలోనే. వేసవి కరుగుదల ముగిసే సెప్టెంబరు నెలలో మంచు అతి తక్కువగా ఉంటుంది. 1980లలో ఆ నెలలో సుమారు 70 లక్షల చ.కి.మీ. మంచు మిగిలేది. 2012 సెప్టెంబరులో సుమారు 34 లక్షలు మాత్రమే మిగిలింది. మన భారతదేశ వైశాల్యం సుమారు 33 లక్షల చ.కి.మీ. అంటే ఒక భారతదేశాన్ని మించిన తెల్లని అద్దం అక్కడ లేకుండా పోయింది. ఆ 2012 నాటి రికార్డు ప్రతి యేడూ బద్దలు కాలేదన్నది నిజమే; ఒక యేడు కొంచెం ఎక్కువ, ఒక యేడు కొంచెం తక్కువ ఉంటుంది. అయినా మొత్తం మీద దారి మాత్రం దిగుడు దారే.

నేలమీది మంచు చేసే పని

నేలమీది మంచు బరువును తూచడానికి 2002లో 'గ్రేస్' అనే జంట ఉపగ్రహాలను పంపారు. మంచు తగ్గినచోట భూమి ఆకర్షణ శక్తి కొంచెం తగ్గుతుంది. ఆ తేడాను పట్టి బరువు లెక్కగడతారు. 2002 నుండి సగటున గ్రీన్‌లాండ్ యేడాదికి సుమారు 27,000 కోట్ల టన్నులు, అంటార్కిటికా సుమారు 14,000 కోట్ల టన్నులు కోల్పోతూ వచ్చాయి. సుమారు 36,000 కోట్ల టన్నుల మంచు కరిగి సముద్రంలో చేరితే ప్రపంచమంతటా సముద్ర మట్టం ఒక మిల్లీమీటరు పెరుగుతుంది.

ఒక మిల్లీమీటరా అని తేలికగా తీసుకోకూడదు. దీనికి పర్వతాల మీది హిమానీనదాల నీరు తోడవుతుంది. వేడెక్కిన నీరు వ్యాకోచించడం కూడా తోడవుతుంది. ఐక్యరాజ్య సమితి ఏర్పరచిన వాతావరణ మార్పుల శాస్త్రజ్ఞుల బృందం 2021లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 1901 నుండి 2018 వరకు సముద్ర మట్టం సుమారు 20 సెం.మీ. పెరిగింది. మనం ముఖ్యంగా గమనించవలసింది వేగం. 1901-1971 మధ్య యేడాదికి 1.3 మి.మీ. చొప్పున పెరిగినది, 2006-2018 మధ్య 3.7 మి.మీ. చొప్పున పెరిగింది. మనం నడుచుకునే తీరును బట్టి 2100 నాటికి ఇంకా సుమారు 30 సెం.మీ. నుండి ఒక మీటరు వరకు పెరగవచ్చునని ఆ నివేదిక అంచనా.

ఇక్కడ తేలే మంచుకు మరొక పాత్ర ఉంది. అంటార్కిటికా అంచున, నేలమీది మంచు సముద్రంలోకి చాచుకొని మందపాటి అరుగుల్లాగా తేలుతూ ఉంటుంది. బండి జారిపోకుండా చక్రం కింద పెట్టిన రాయిలాగా, ఈ అరుగులు వెనుకనున్న హిమానీనదాలను ఆపి ఉంచుతాయి. 2002లో 'లార్సెన్ బి' అనే అరుగులో సుమారు 3,250 చ.కి.మీ. భాగం నెల రోజుల వ్యవధిలోనే ముక్కలైపోయింది. తేలేది గనుక ఆ అరుగు వలన సముద్రం పెరగలేదు. కాని రాయి తీసేసినట్లయింది. దాని వెనుకనున్న హిమానీనదాలు ఎన్నో రెట్లు వేగంగా సముద్రంలోకి జారసాగాయి. అందుకే నేడు పశ్చిమ అంటార్కిటికాలోని త్వైట్స్ హిమానీనదాన్ని శాస్త్రజ్ఞులు ఆందోళనతో గమనిస్తున్నారు. దాని వెడల్పు సుమారు 120 కి.మీ. అది పూర్తిగా కరిగితే సముద్రం సుమారు 65 సెం.మీ. పెరుగుతుంది. ఇది రేపో ఎల్లుండో జరిగేది కాదు. కాని ఒకసారి బాగా కదలడం మొదలైతే ఆపడం మనిషి చేతిలో ఉండదు.

కారణం ఎవరు?

"భూమి ఇంతకుముందు కూడా వేడెక్కింది, చల్లబడింది గదా, ఇందులో మనిషి తప్పేముంది?" అని కొందరు అడుగుతారు. ఇది న్యాయమైన ప్రశ్నే. జవాబు ఆ మంచులోనే దాగి ఉంది.

ప్రతి యేడూ పడిన మంచు, పాత మంచు మీద పొరలు పొరలుగా పేరుకుంటుంది. ఆనాటి గాలి చిన్న చిన్న బుడగలుగా అందులో చిక్కుకుపోతుంది. అంటార్కిటికాలో లోతుగా గొట్టాలు దించి తీసిన మంచు స్తంభాలలో 8 లక్షల యేండ్ల నాటి గాలి కూడా దొరికింది. ఆ కాలమంతటిలో, గాలిలోని పది లక్షల పాళ్ళకు కార్బన్ డై ఆక్సైడ్ 300 పాళ్ళు దాటిన దాఖలా లేదు. పరిశ్రమల యుగానికి ముందు అది సుమారు 280. హవాయి దీవుల్లోని మౌనా లోవా పర్వతంపై 1958లో కొలతలు మొదలైనప్పుడు సుమారు 315. నేడు 420 దాటింది. బొగ్గు, పెట్రోలు, డీజిలు మండించడం, అడవులు నరకడం ఇందుకు ముఖ్య కారణాలు. ఈ వాయువు భూమి వేడిని పట్టి ఉంచుతుందని, దీని పరిమాణం పెరిగితే భూమి వేడెక్కుతుందని స్వీడన్ శాస్త్రజ్ఞుడు స్వాంటే ఆర్హీనియస్ 1896లోనే లెక్కగట్టి చెప్పాడు. కాబట్టి తెలియక చేశామని చెప్పుకునే కాలం ఎప్పుడో దాటిపోయింది.

ఊరు వదిలిన ఊరివారు

ఈ అంకెల వెనుక మనుషులున్నారు. అలాస్కా పశ్చిమ తీరంలో న్యూటోక్ అనే చిన్న ఊరు ఉండేది. అక్కడివారు యూపిక్ అనే ఆదివాసి జాతివారు, చేపలు పట్టి, వేటాడి జీవించేవారు. ఆ ప్రాంతపు యూపిక్ ప్రజలలో మనవలె కతోలికులు కూడా ఎందరో ఉన్నారు. వారి ఊరి కింది నేల ఏండ్ల తరబడి గడ్డకట్టి ఉన్న నేల. దాన్ని పర్మాఫ్రాస్ట్ అంటారు. వేడికి ఆ నేల కరిగి మెత్తబడింది. ఇళ్ళు ఒరిగాయి. నింగ్లిక్ నది ఒడ్డును కోసుకుంటూ ఊరిమీదికి వచ్చింది. చివరకు ఊరివారు నదికి అవతల సుమారు 14 కి.మీ. దూరంలో మెర్టార్విక్ అనే చోట కొత్త ఊరు కట్టుకోవలసి వచ్చింది. 2019లో మొదటి కుటుంబాలు తరలివెళ్ళాయి. 2024లో మిగిలినవారు కూడా పాత ఊరు వదిలారు. ఆ కొద్ది వందల మంది నడిపిన మోటారు వాహనాలెన్ని, మండించిన బొగ్గెంత? ఎవరో చేసినదానికి వారు మూల్యం చెల్లించారు.

మూగజీవుల సంగతి కూడా చూడండి. ఎంపరర్ పెంగ్విన్ పక్షులు సముద్రపు మంచు మీదనే గుడ్లు పెట్టి పిల్లలను పొదుగుతాయి. పిల్లకు నీటిలో తడవని ఈకలు వచ్చేదాకా కాళ్ళ కింది మంచు నిలిచి ఉండాలి. 2022 చివరలో అంటార్కిటికాలోని బెల్లింగ్స్‌హౌసెన్ సముద్ర తీరాన మంచు ముందుగానే విరిగిపోయింది. అక్కడి అయిదు స్థావరాలలో నాలుగింటిలో ఆ యేడు పిల్లలు ఒక్కటి కూడా బ్రతికి ఉండకపోవచ్చునని ఉపగ్రహ చిత్రాలు పరిశీలించినవారు 2023లో తెలియజేశారు.

మన తీరం సంగతి

"ధ్రువాలెక్కడ, మనమెక్కడ?" అనుకుంటాం. సముద్రానికి గోడలు లేవు. అంటార్కిటికా దగ్గర చేరిన నీరు బంగాళాఖాతానికి కూడా వస్తుంది.

ఇక్కడ కూడా తొందరపడి మాట్లాడకూడదు. కాకినాడ జిల్లా ఉప్పాడలో ఎన్నో ఇళ్ళు సముద్రంలో కలిసిపోయాయి. దానికి ధ్రువపు మంచు ఒక్కటే కారణం అంటే నేను మళ్ళీ మొదటి తప్పే చేసినట్లవుతుంది. తత్వశాస్త్రంలో మాకు నేర్పిన మొదటి పాఠాలలో ఒకటి, ఒక ఫలితానికి అనేక కారణాలు కలిసి ఉండవచ్చునని. కృష్ణా, గోదావరి నదులు తెచ్చే ఒండ్రు ఎగువ ఆనకట్టల వెనుక నిలిచిపోతోంది. కొత్త ఒండ్రు రాని డెల్టా నేల మెల్లగా కుంగుతుంది. తీరంలో కట్టే కట్టడాలు అలల దారిని, ఇసుక దారిని మారుస్తాయి. తుఫానులు కోసివేస్తాయి. వీటన్నిటికీ అడుగున, సముద్రమే పైకి లేస్తోంది. కుంగే నేల, లేచే నీరు – మన డెల్టా ఈ రెంటి మధ్య చిక్కుకొని ఉంది.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను మన పెద్దలు మరచిపోలేదు. పదివేల మందికి పైగా ప్రాణాలు పోయాయి. ఆనాటి ఉప్పెన తుఫాను వలన వచ్చింది గాని మంచు కరగడం వలన కాదు. కాని రేపు అదే బలంతో తుఫాను వస్తే, మట్టం పెరిగిన సముద్రం మీద లేచే కెరటం మరికొంత లోపలికి వస్తుంది. ఎత్తుపీట మీద నిలబడినవాడి చెయ్యి ఇంకా పైకి అందినట్లు. ఇక ఉప్పెన లేని రోజుల్లో కూడా ఉప్పునీరు భూగర్భ జలాల్లోకి పాకి బావులు ఉప్పగా మారతాయి, పొలాలు చౌడుబారతాయి. సముద్రపు ఒడ్డున మూడు సెంట్ల స్థలంలో ఇల్లు కట్టుకున్న మత్స్యకారునికి మరొకచోట స్థలం ఎవరిస్తారు? ఆయన పడవ, వల, జీవనం అన్నీ అక్కడే గదా!

మన దేశం ఈ విషయాన్ని చాలాకాలంగా గమనిస్తూనే ఉంది. మన శాస్త్రజ్ఞులు 1981-82లోనే మొదటిసారి అంటార్కిటికా యాత్ర చేశారు. నేడు అక్కడ మైత్రి, భారతి అనే పరిశోధన కేంద్రాలు, ఆర్కిటిక్‌లో 2008లో ప్రారంభమైన హిమాద్రి కేంద్రం పనిచేస్తున్నాయి. ధ్రువాల మార్పులకూ మన ఋతుపవనాలకూ గల సంబంధం కూడా వారి పరిశోధనలో భాగమే.

మనం ఏమి చేయగలం?

జగద్గురువులు పోప్ ఫ్రాన్సిస్ 2015లో వెలువరించిన 'లౌదాతో సీ' విశ్వలేఖలో ధ్రువపు మంచు కరగడాన్ని గురించి, దానివలన మీథేన్ వాయువు వెలువడే ప్రమాదాన్ని గురించి ప్రస్తావించారు. ఆ లేఖకు పదేండ్లు నిండిన 2025లో, అక్టోబరు 1వ తేదీన, పోప్ 14వ లియో గ్రీన్‌లాండ్ నుండి తెచ్చిన ఒక మంచుదిమ్మను ఆశీర్వదించారు. అది పత్రికల్లో చూసి కొందరు ఆశ్చర్యపోయారు. మంచు కూడా దేవుని సృష్టే గదా. చేజారిపోతున్నదాన్ని చేతితో తాకి చూపడంలో ఆశ్చర్యమేముంది?

న్యాయం కూడా ఆలోచించాలి. ఒక సగటు అమెరికా పౌరుని వంతుగా యేడాదికి సుమారు 14 టన్నుల కార్బన్ డై ఆక్సైడ్ గాలిలో కలుస్తుంటే, సగటు భారతీయుని వంతు సుమారు 2 టన్నులు. ఎక్కువ పొగ వదిలినవారు ఎక్కువ బాధ్యత వహించాలని అంతర్జాతీయ వేదికలపై మన దేశం అడగడం సబబే. కాని ఆ 2 టన్నుల సగటులో, కిరాయి ఇంట్లో ఒక్క ఫ్యానుతో బ్రతికే కూలీ ఉన్నాడు, నాలుగు గదుల్లో నాలుగు ఏసీలు నడిపే ఆసామీ ఉన్నాడు. పేదవాని లెక్క చూపించి మనం తప్పించుకోకూడదు.

కనుక ప్రతి కుటుంబం తన ఇంటిని తాను చూసుకోవాలి. మనిషి లేని గదిలో దీపం, ఫ్యాను ఆపడం. దగ్గరి దూరాలకు నడక, దూరాలకు బస్సు, రైలు. పెళ్ళిళ్ళలో, పండుగలలో అవసరానికి మించిన దీపాలంకరణ, జనరేటర్లు తగ్గించడం. గుడి పైకప్పు మీద సౌర విద్యుత్ పలకలు వేసే ఆలోచన చేయడం. తీర గ్రామాల్లో మడ అడవులు నరకకుండా కాపాడటం. వీటితోనే అంటార్కిటికా నిలబడుతుందని నేను చెప్పను. ప్రభుత్వాలు, పరిశ్రమలు మారకుండా అది జరగదు. కాని తన ఇంట్లో దీపం ఆపనివాడు ప్రభుత్వాన్ని అడిగే ధైర్యం ఎక్కడ నుండి తెచ్చుకుంటాడు? అలాగే, తీరం నుండి తరలివచ్చే కుటుంబాలకు స్థలం, పని, పిల్లలకు బడి దొరికేలా చూడటం మన విచారణల ముందున్న పని. అది 2100 వరకు ఆగదు.

చివరగా ఒక మాట. ఆ అమ్మాయి ప్రశ్న అడగకపోయి ఉంటే నేను ఇదంతా చదివేవాణ్ణి కాను. తప్పే చెబుతూ ఉండేవాణ్ణి. తల్లిదండ్రులారా, మీ పిల్లలు గుడిలో గాని బడిలో గాని ప్రశ్న అడిగితే దయచేసి కసరకండి. ఈ భూమి మీద మనకంటే ఎక్కువకాలం బ్రతకవలసినది వారే.

కుటుంబంలో చర్చించుకోవడానికి

1. తేలే మంచు, నేలమీది మంచు – ఈ రెండు గ్లాసుల ప్రయోగం పిల్లలతో చేయించండి. తేడా ఎందుకు వచ్చిందో వారినే చెప్పమనండి.

2. తేలే మంచు కరిగినా సముద్రం పెరగనప్పుడు, దానివలన కలిగే నష్టం ఏమిటి? రెండు విధాలుగా చెప్పండి.

3. న్యూటోక్ ప్రజలు చేయని తప్పుకు ఊరు వదలవలసి వచ్చింది. మనకు తెలిసిన తీర గ్రామాలలో ఇటువంటి కుటుంబాలున్నాయా? వారు ఇప్పుడు ఎక్కడ ఉంటున్నారు?

4. ఈ నెల మన ఇంటి కరెంటు బిల్లు తీసి చూద్దాం. వచ్చే నెలకు ఎన్ని యూనిట్లు తగ్గించగలం?